బ్యాండ్ సా కోత వంకరపోతోందా? బ్లేడు మార్చే ముందు ఇవి చూడండి

బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ షెడ్లలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇనుము కోసే చోట ఒక మాట తరచుగా వినబడుతుంది. ‘బ్లేడ్ ఖరాబ్ హోగయా భాయ్, నయా మంగాలో.’ కోత వంకరపోతే బ్లేడుదే తప్పు. పళ్లు రాలితే బ్లేడుదే తప్పు. తెగిపోతే ఇక చెప్పనే అక్కర్లేదు, కంపెనీ మోసం చేసిందంటారు. రాణీగంజ్ వెళ్లి ఇంకో బ్లేడు తెస్తారు. రెండు రోజులకు అదీ మొదటి దాని దారే పడుతుంది.

బ్లేడు ఊరికే వచ్చేది కాదు. సైజును బట్టి వేలల్లో ఉంటుంది. అన్నదమ్ములిద్దరు, ఒక హెల్పరు కలిసి నడిపే చిన్న కార్ఖానాలో నెలకు రెండు బ్లేడ్లు ఎక్కువ పోయాయంటే ఆ లోటు ఇంటి ఖర్చులో కనిపిస్తుంది. అసలు పెద్ద నష్టం అది కూడా కాదు. 100 మిల్లీమీటర్ల గుండ్రటి రాడ్డు నుంచి 200 ముక్కలు కోసే ఆర్డరు వచ్చిందనుకుందాం. కోత వంకరగా వస్తోంది కాబట్టి లేతు మీద సరిచేసుకోవచ్చులే అని ముక్కకు 3 మిల్లీమీటర్లు అదనంగా వదులుతారు. 200 ముక్కలకు అది 600 మిల్లీమీటర్లు. ఆ సైజు రాడ్డు మీటరుకు దాదాపు 62 కిలోలు తూగుతుంది. అంటే 37 కిలోల స్టీలు డబ్బు పెట్టి కొని, కరెంటు ఖర్చుపెట్టి, తుక్కుగా మార్చినట్టే. లేతు మిస్త్రీ సమయం వేరే లెక్క.

చాలాసార్లు బ్లేడు దోషి కాదు. మిషన్‌లో ఉన్న లోపానికి బలైపోయేది అది. లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. రాలే పొట్టు, కోసిన ముఖం, తెగిన బ్లేడు అంచు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మిషన్ ఎలా పనిచేస్తుంది?

అడ్డంగా కోసే బ్యాండ్ సాలో రెండు చక్రాలుంటాయి. ఒకదాన్ని మోటారు తిప్పుతుంది, రెండోది బ్లేడును బిగువుగా లాగి పట్టుకుంటుంది. చక్రాల మీద బ్లేడు పడుకుని తిరుగుతుంది కానీ కోసే చోట పళ్లు కిందికి ఉండాలి కాబట్టి రెండు గైడ్లు దాన్ని మెలితిప్పి నిలబెడతాయి. పై హెడ్డు తన బరువుతో దిగుతుంటే హైడ్రాలిక్ సిలిండరు ఆ దిగుడును ఆపి ఆపి వదులుతుంది. చిన్న మిషన్లలో సిలిండరు బదులు స్ప్రింగు ఉంటుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది బై-మెటల్ బ్లేడు. వెన్ను స్ప్రింగ్ స్టీలు, పళ్ల కొనలు హైస్పీడ్ స్టీలు. వెన్ను వంగాలి, పళ్లు గట్టిగా ఉండాలి, రెండు గుణాలూ ఒకే లోహంలో దొరకవు కాబట్టి రెండింటినీ అతికిస్తారు. పళ్లన్నీ ఒకే వరుసలో ఉండవు. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి కొద్దిగా వంచి ఉంటాయి. దీన్నే సెట్టింగ్ అంటారు. దీనివల్ల కోత సందు బ్లేడు మందం కంటే కాస్త వెడల్పుగా వచ్చి, బ్లేడు ఇరుక్కోకుండా దిగుతుంది. ఈ సెట్టింగ్ మాట కింద చాలాసార్లు వస్తుంది.

ముందు పొట్టు చూడండి

అనుభవం ఉన్న ఉస్తాద్ మిషన్ దగ్గరికి రాగానే బ్లేడు చూడడు, కింద ట్రేలో రాలిన బురాదా చూస్తాడు. వదులుగా చుట్టలు తిరిగి, వెండి రంగులో, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటే కోత సరిగ్గా నడుస్తోంది. పిండిలా సన్నగా రాలుతుంటే బ్లేడు కోయడం లేదు, రుద్దుతోంది. ఫీడు మరీ తక్కువగా ఉండాలి, లేదా పళ్లు మొద్దుబారి ఉండాలి. పొట్టు మందంగా, నీలం లేదా గోధుమ రంగుకు మారి, కాలిన వాసన వస్తుంటే ఫీడు ఎక్కువైంది, లేదా బ్లేడు వేగం ఎక్కువైంది. (చూసేది మిషన్ ఆపాకే. వేడి పొట్టు చేతికి అంటుకుంటే బొబ్బ ఖాయం.)

ఫీడు తక్కువైతే బ్లేడు ఎక్కువ కాలం వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పన్ను లోహంలోకి దిగి చిన్న ముక్కను తెంచుకుని పోవాలి. దిగకుండా పైపైన జారితే కొన అరిగిపోతుంది, రాడ్డు ఉపరితలం కూడా గట్టిపడుతుంది. మెల్లగా కోసి బ్లేడును కాపాడుతున్నామనుకునే చోటే బ్లేడు త్వరగా చస్తోంది.

కోత వంకరపోతే

వంకర అంటే ఒకటే రకం కాదు. ఇది తెలియకపోవడం వల్లే సగం బ్లేడ్లు అనవసరంగా మారుతున్నాయి. కోసిన ముఖం మీద ఒక స్టీలు స్కేలు నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. స్కేలు కింద ఎక్కడా వెలుగు రాకుండా ముఖం సాపుగా ఉండి, మొత్తంగా ఒక పక్కకు వాలి ఉంటే అది ఒక జబ్బు. ముఖం బొజ్జలా ఉబ్బి గానీ, గిన్నెలా లోతుగా గానీ ఉంటే అది వేరే జబ్బు. మొదటిదానికి కారణం మిషన్ అమరికలో ఉంటుంది. రెండోది బ్లేడు దారి తప్పడం వల్ల వస్తుంది.

సాపుగా ఉండి వాలిన ముఖం సంగతి ముందు చూద్దాం. ఒక గుండ్రటి రాడ్డు చివర పైభాగంలో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, కొసను ఒకసారి కోసి పారేయండి. రాడ్డును కదపకుండా ముందుకు జరిపి 10 మిల్లీమీటర్ల బిళ్ల కోయండి. గుర్తు ఉన్నచోట, దానికి ఎదురుగా కింద, రెండు పక్కలా, మొత్తం నాలుగు చోట్ల వెర్నియర్‌తో మందం కొలిస్తే ఈ బిళ్ల ఒక సంగతి చెబుతుంది. రెండు కోతలూ ఒకేలా వాలితే మందం అంతటా సమానంగానే వస్తుంది. అప్పుడు బ్లేడు ప్రతిసారీ ఒకే దారిలో పోతోందని, అమరిక మాత్రమే తప్పిందని అర్థం. మందం మారుతూ ఉంటే బ్లేడు ఒక్కో కోతకు ఒక్కో దారి పడుతోంది, లేదా వైస్‌లో రాడ్డు కదులుతోంది.

అమరిక తప్పిందని తేలితే రాడ్డు పక్కన గునియా పెట్టి ఎటు వాలిందో చూడాలి. ఎడమ కుడి వైపుల్లో తేడా ఉంటే వైస్ బ్లేడుకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేదు. మిషన్ స్విచ్ తీసేసి, గునియా ఒక చేయి వైస్ కదలని దవడకు, రెండో చేయి బ్లేడు వెంట ఆనిస్తే తేడా కంటికే కనిపిస్తుంది. 45 డిగ్రీల కోత కోసం వైస్‌ను తిప్పి, మళ్లీ గీత చూసి బిగించేసిన మిషన్లలో ఇది మామూలే. గీతను నమ్మొద్దు, గునియాను నమ్మండి.

పైకీ కిందికీ మధ్య తేడా ఉంటే రెండు అనుమానాలు. బ్లేడు నిటారుగా నిలబడి లేదు, లేదా రాడ్డు మట్టంగా పడుకోలేదు. రెంటిలో ఏదో తేల్చడానికి తేలికైన ఉపాయం ఉంది. స్టాండు అవసరం లేనంత పొట్టి ముక్కను వైస్‌లో పెట్టి కోయండి. అది సరిగ్గా తెగి, 6 మీటర్ల పొడవు రాడ్డు మాత్రం వాలుగా తెగుతుంటే తప్పు వెనకాల ఉన్న స్టాండుది. ఆ రోలరు ఎత్తు మిషన్ బెడ్డుతో సమానంగా లేదు. రసమట్టం పెట్టి రోలరు సరిచేస్తే చాలు. పొట్టి ముక్క కూడా వాలితే బ్లేడు నిటారుగా లేదన్నమాట. బెడ్డు మీద గునియా నిలబెట్టి బ్లేడుకు ఆనించి చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: గునియా బ్లేడు ఒంటికి తగలాలి, పళ్లకు తగలకూడదు. పళ్లు పక్కకు వంగి ఉంటాయి కాబట్టి లేని తేడా ఉన్నట్టు చూపిస్తాయి. తేడా నిజంగానే ఉంటే గైడు బోల్టులు కొద్దిగా వదులు చేసి, వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ చూడాలి.

ఇక బొజ్జ కోత. బ్లేడు మధ్యలో వంగి దారి తప్పితేనే ముఖం ఇలా వస్తుంది. ఖర్చు లేని వాటితో మొదలుపెట్టి చూసుకుంటూ పోవాలి. అన్నిటికంటే ముందు గైడు చేయి. చాలా షెడ్లలో పెద్ద సైజు రాడ్డు కోసినప్పుడు కదిలే గైడును దూరం జరుపుతారు, తర్వాత 40 మిల్లీమీటర్ల రాడ్డు కోస్తున్నా అది అక్కడే ఉండిపోతుంది. రెండు గైడ్ల మధ్య దూరం ఎక్కువైతే బ్లేడు వదులు తాడులా ఊగుతుంది. వైస్‌కు తగలనంతవరకు గైడును రాడ్డుకు దగ్గరగా తేవాలి. ఈ ఒక్క పని చేశాక ఎన్నో కోతలు సరవుతాయి, పైసా ఖర్చు లేదు.

తర్వాత టెన్షన్. బై-మెటల్ బ్లేడుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 1750 నుంచి 2100 కిలోల లాగుడు కావాలి. ఇది చేత్తో నొక్కి చెప్పగలిగే లెక్క కాదు. బ్లేడుకు తగిలించే టెన్షన్ మీటరు ఉంటే మంచిది. పెద్ద మిషన్లకు గేజీ ఉంటుంది. పాత ఉస్తాద్‌లు బ్లేడును వేలితో మీటి, మోత విని బిగిస్తారు. తమ మిషన్ మీద, రోజూ వాడే బ్లేడు మీద వాళ్ల చెవి బాగానే పనిచేస్తుంది. కొత్త మిషన్ మీద అదే చెవి మోసం చేస్తుంది.

ఆ తర్వాత గైడు బేరింగులు. బ్లేడును రెండు పక్కలా పట్టుకునే బేరింగులు గానీ, కార్బైడు ముక్కలు గానీ అరిగితే సందు పెరుగుతుంది. మిషన్ ఆపి, గ్లవుజు వేసుకుని, గైడు దగ్గర బ్లేడును అటూ ఇటూ కదిపి చూస్తే తెలుస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా బొజ్జ పోకపోతే ఫీడు తగ్గించండి. అప్పటికీ పోకపోతే బ్లేడును అనుమానించాలి. ఒక పక్క సెట్టింగ్ అరిగిపోయిన బ్లేడు ఎప్పుడూ రెండో పక్కకే లాగుతుంది. వైస్ దవడకో, గట్టి పొట్టుకో పళ్లు ఒకసారి రాసుకున్నా ఇదే అవుతుంది. ఒక గుర్తు పెట్టుకోవచ్చు: వరసగా రెండు వేర్వేరు బ్లేడ్లు ఒకే పక్కకు లాగితే తప్పు మిషన్‌దే. మూడోది కొనకండి.

పళ్లు రాలితే

పళ్లు రాలడానికి మొదటి కారణం తప్పు సైజు పళ్లు. బ్లేడు మీద 4/6, 10/14 అని రాసి ఉంటుంది. అంగుళానికి ఎన్ని పళ్లున్నాయన్న లెక్క అది. ఎప్పుడు చూసినా కనీసం 3 పళ్లు లోహంలో ఉండాలి. 6 నుంచి 12 ఉంటే హాయి. 24 దాటకూడదు.

4/6 బ్లేడులో పన్నుకు పన్నుకు మధ్య సుమారు 5 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. దాంతో 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపు కోస్తే ఏమవుతుంది? గోడ మొత్తం రెండు పళ్ల మధ్య గుంటలో దిగిపోతుంది. వెనక వచ్చే పన్ను పోయి ఆ గోడకు గుద్దుకుంటుంది. ఒక పన్ను రాలితే దాని వెనకదానికి రెట్టింపు పని పడి అదీ రాలుతుంది. నిమిషంలో జానెడు బ్లేడు బోడిగా తయారవుతుంది. దీనికి ఉల్టా కూడా ఉంది. 100 మిల్లీమీటర్ల ఘన రాడ్డుకు 10/14 బ్లేడు వేస్తే దాదాపు 47 పళ్లు ఒకేసారి లోపల ఉంటాయి. ఒక్కో పంటి గుంట చిన్నది. అవతలి ఒడ్డుకు చేరకముందే పొట్టుతో నిండిపోతుంది. నిండిన గుంటతో పన్ను కోయలేదు. అదే రాడ్డుకు 3/4 వేస్తే 14 పళ్లు పడతాయి, సరిపోతుంది. 50 మిల్లీమీటర్ల రాడ్డుకైతే 4/6 బాగుంటుంది.

గ్రిల్స్, గేట్లు చేసే షెడ్లలో పొద్దున యాంగ్లరు, మధ్యాహ్నం పైపు, సాయంత్రం రాడ్డు కోస్తారు. ప్రతిసారీ బ్లేడు మార్చమంటే ఎవరూ మార్చరు. కనీసం రెండు బ్లేడ్లు పెట్టుకుని, సన్న పని ఒక పూట, మందపు పని ఒక పూట చేసుకోవడం మేలు. సరుకు పెట్టే తీరు కూడా తేడా చూపిస్తుంది. పట్టీని నిలబెట్టి కోస్తే అంచు మీద ఒకటో రెండో పళ్లు పడతాయి, పడుకోబెడితే వెడల్పంతా పళ్లు పడతాయి. యాంగ్లరును బోర్లించి, మూల పైకి వచ్చేలా పెడితే కోత మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకేలా సాగుతుంది.

రెండో కారణం ఎవరూ పట్టించుకోని వైర్ బ్రష్. బ్లేడు లోహంలోంచి బయటికి వచ్చాక గుంటల్లోని పొట్టును ఊడ్చేది అదే. బ్రష్ అరిగిపోతే ఆ పొట్టు చక్రం చుట్టూ తిరిగి మళ్లీ కోతలోకి వస్తుంది, వేడికి పంటికి అతుక్కుపోతుంది. బ్రష్ వెంట్రుకలు పంటి గుంట అడుగుదాకా తగలాలి, అంతకంటే లోపలికి నొక్కకూడదు. బ్లేడు ఖరీదు ముందు బ్రష్ ఖరీదు ఎంత? అయినా బ్రష్ పూర్తిగా ఊడిపోయిన మిషన్లు ఎన్నో నడుస్తూనే ఉన్నాయి.

కట్టలు కట్టి కోసేటప్పుడు మధ్యలో ఒక రాడ్డు వదులుగా ఉండి బ్లేడుతో పాటు గిర్రున తిరిగినా పళ్లు పోతాయి. కట్ట వెనక చివర ఒక టాకా వెల్డింగు వేస్తే ఆ బాధ ఉండదు.

కొత్త బ్లేడు వేశాక జరిగే పొరపాట్లు రెండు. సగం కోతలో పాత బ్లేడు పోతే కొత్తది వేసి అదే సందులో దింపుతారు. పాత బ్లేడు సెట్టింగ్ అరిగి ఉంటుంది కాబట్టి ఆ సందు ఇరుకు. కొత్త బ్లేడు అందులో ఇరుక్కుని మొదటి నిమిషంలోనే పళ్లు పోగొట్టుకుంటుంది. రాడ్డును తిప్పి, రెండో వైపు నుంచి కోయాలి. ఇంకోటి, కొత్త బ్లేడును మొదటి నుంచే పూర్తి ఫీడులో నడపడం. కొత్త పంటి కొన మరీ పదునుగా, పలచగా ఉంటుంది. దెబ్బ తగిలితే నున్నగా అరగదు, పెచ్చులుగా ఊడుతుంది. వేగం మామూలుగానే ఉంచి, ఫీడు సగానికి తగ్గించి, మొదటి కొన్ని కోతలు అలా కోసి, తర్వాత మెల్లమెల్లగా పెంచాలి. 100 మిల్లీమీటర్ల రాడ్డు అయితే నాలుగైదు కోతలు అలా చేస్తే చాలు. ఆర్డరు తొందరలో ఈ పావుగంట ఓపిక ఉండదు. పోయేది మాత్రం పది రోజుల బ్లేడు ఆయుష్షు.

బ్లేడు తెగిపోతే

తెగిన బ్లేడును తుక్కులో పడేసే ముందు తెగిన చోటు ఒకసారి చూడాలి. తెగిన చోటుకు అటూ ఇటూ ఇంకా తెగని చిన్న చీలికలు కనిపిస్తాయి. అవి ఎక్కడి నుంచి మొదలయ్యాయన్నదే ముఖ్యం.

చీలికలు పళ్ల గుంటల్లోంచి మొదలైతే ఫీడు గానీ టెన్షన్ గానీ ఎక్కువై ఉండాలి, లేదా బ్లేడు తన ఆయుష్షు తీరేదాకా పనిచేసి అలసి ఉండాలి. చక్రం మీద వంగడం, గైడు దగ్గర మెలిక తిరగడం, మళ్లీ సాగడం: ప్రతి చుట్టులోనూ బ్లేడుకు ఇదే పని. పాత బ్లేడు ఇలా తెగితే బాధపడనక్కర్లేదు. కొత్తది తెగితే ఆలోచించాలి.

చీలికలు వెన్ను వైపు నుంచి మొదలైతే బ్లేడు వెన్ను దేనికో రాసుకుంటోంది. చక్రం అంచుకు రాసుకుంటుండవచ్చు, లేదా పైనుంచి ఆనించే గైడు బేరింగు తిరగకుండా బిగుసుకుపోయి ఉండవచ్చు. వెన్ను అంచు మీద వేలు కాదు, గోరు పెట్టి చూస్తే నలిగి బయటికి పొర్లిన అంచు తగులుతుంది. మిషన్ ఆపి చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బ్లేడు వెన్నుకూ చక్రం అంచుకూ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. లేకపోతే టెన్షన్ చక్రం వాలు సరిచేయాలి. ఈ లోపం ఉన్న మిషన్‌కు ఎంత ఖరీదైన బ్లేడు వేసినా ఇదే గతి.

సరిగ్గా అతుకు దగ్గరే తెగితే మాత్రం బ్లేడు అమ్మినవాడిని నిలదీయవచ్చు. కాయిల్ నుంచి కోసి, వలయంగా అతికి ఇచ్చేది చాలాసార్లు స్థానిక దుకాణమే. అతికిన చోట పొర్లిన లోహం సాపుగా రుద్దారా, అతుకు రెండు పక్కలా వెన్ను ఒకే గీతలో ఉందా అన్నది కొనేటప్పుడే చూసుకోవాలి. ఈ అతుకు బాధ ఇప్పటిది కాదు. బ్యాండ్ సా ఆలోచన ఇంగ్లండులో 1800ల మొదట్లోనే వచ్చినా, అతుకు నిలవక దశాబ్దాల పాటు అది పెద్దగా పనికిరాలేదు. 1846లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ అతుకు వేసే మంచి పద్ధతి కనిపెట్టాకే దానికి దారి తెరుచుకుంది.

స్టెయిన్‌లెస్ దగ్గర ఎందుకు ఓడిపోతారు?

మామూలు ఎంఎస్ కోసే వేగంతోనే స్టెయిన్‌లెస్ కోస్తే బ్లేడు ఒక్క పూటలో పోతుంది. బై-మెటల్ బ్లేడుకు ఎంఎస్ మీద నిమిషానికి 60 నుంచి 80 మీటర్లు బాగుంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్‌కు 30, 40 దగ్గరికి దించాలి. వేగం తగ్గించారు కదా అని ఫీడు కూడా తగ్గిస్తే ఇంకా చెడుతుంది. స్టెయిన్‌లెస్ మీద పన్ను కోయకుండా రుద్దితే ఆ పొర అక్కడికక్కడే గట్టిపడిపోతుంది. తర్వాతి పన్ను ఆ గట్టి పొరను కోయాలి. వేగం తక్కువ, ఫీడు గట్టిగా, కూలెంట్ ధారగా, ఇదీ స్టెయిన్‌లెస్ పద్ధతి. కోత మధ్యలో హెడ్డును ఊరికే ఆనించి ఉంచొద్దు.

వేగం ఎంతో తెలియని పాత మిషన్లకు ఒక లెక్క ఉంది. బ్లేడు మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, మూత వేసి, దూరంగా నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. బ్లేడు పొడవు 3 మీటర్లయితే, గుర్తు 3 సెకన్లకు ఒకసారి కనబడితే నిమిషానికి 60 మీటర్లు. 6 సెకన్లకు ఒకసారి కనబడితే 30 మీటర్లు. వేగం మార్చాలంటే చిన్న మిషన్లలో బెల్టును వేరే పుల్లీకి మార్చాలి. ఆ బెల్టు మార్చడానికి బద్ధకించే బ్లేడ్లు పోగొట్టుకుంటారు. షార్జా, దమ్మామ్ వంటి చోట్ల ఫ్యాబ్రికేషన్ యార్డులకు వెళ్లే కుర్రాళ్లకు ఈ లెక్క వస్తే అక్కడి ఫోర్‌మన్ ముందు తెల్లమొహం వేయాల్సిన పని ఉండదు.

కూలెంట్, హైడ్రాలిక్

కూలెంట్ సంగతి క్లుప్తంగా. నీళ్లలో నూనె పోసి కలపాలి, నూనెలో నీళ్లు పోస్తే సరిగ్గా కలవదు. పది వంతుల నీళ్లకు ఒక వంతు నూనె సాధారణ లెక్క, డబ్బా మీద రాసింది చూసుకోవాలి. రోజూ నీళ్లు ఆవిరవుతాయి, వాళ్లు ఉత్త నీళ్లే పోస్తూ పోతారు. నెల తిరిగేసరికి ట్యాంకులో తెల్లటి నీళ్లు తప్ప నూనె ఉండదు, మిషన్ తుప్పు పడుతుంది. ట్యాంకు కుళ్లిన గుడ్ల వాసన వస్తే అందులో బ్యాక్టీరియా పెరిగిందని అర్థం. చేతులకు దురద, పగుళ్లు వచ్చేది అందుకే. పారబోసి, ట్యాంకు కడిగి కొత్తది కలపాలి. ధార బ్లేడుకు రెండు పక్కలా పడాలి. ఒక పక్కే పడితే రెండో పక్క పళ్లు ముందు అరిగి కోత లాగేస్తుంది. పోత ఇనుమును మాత్రం కూలెంట్ లేకుండానే కోస్తారు.

హెడ్డు ధడాలున పడుతుంటే సిలిండరులో గాలి చేరింది, లేదా నూనె కారిపోయింది. నూనె నింపి, హెడ్డును నాలుగైదు సార్లు పూర్తిగా ఎత్తి దించితే గాలి పోతుంది. అసలు దిగకుండా మొరాయిస్తే ఫీడు వాల్వులో చెత్త అడ్డం పడి ఉంటుంది. మోటారు తిరుగుతూ బ్లేడు ఆగిపోతుంటే టెన్షన్ తక్కువై చక్రం మీద బ్లేడు జారుతోందా, బెల్టు జారుతోందా అన్నది చూడాలి. రెండూ కాకపోతే గేరుబాక్స్ విప్పాల్సిందే, ఆ పని తెలిసిన మిస్త్రీకి వదిలేయండి.

బ్లేడు ఎక్కించాక అసలు కోయడమే లేదంటే పళ్ల దిశ చూడండి. బ్లేడు పోయే వైపుకే పళ్ల కొనలు ఉండాలి. కొత్త బ్లేడు వలయం ఒక్కోసారి లోపలి వైపు బయటికి తిరిగి వస్తుంది. చక్రాల మీద ఎలా తిప్పి పెట్టినా పళ్లు వెనక్కే ఉంటాయి. బ్లేడును మెలితిప్పి లోపలిది బయటికి తిప్పాలి. నవ్వులాటగా ఉన్నా పెద్ద పెద్ద షెడ్లలో జరిగేదే.

చేతులు జాగ్రత్త

చుట్ట చుట్టిన బ్లేడు తీగ విప్పగానే పాములా ఎగిసి విచ్చుకుంటుంది. మొహం దూరంగా పెట్టి, కళ్లద్దాలు, గ్లవుజులు వేసుకుని విప్పాలి. బ్లేడు ఎక్కించేటప్పుడు గ్లవుజులు తప్పనిసరి, మిషన్ నడిచేటప్పుడు బ్లేడు దగ్గర గ్లవుజు వద్దు. పన్ను గుడ్డను పట్టుకుంటే వేలును కూడా లాక్కుపోతుంది. కుర్తా పొడవు చేతులు, మెడలో రుమాలు కూడా అంతే. పొట్టును చేత్తో ఊడ్చొద్దు. మూత తీసే ముందు గోడ మీది మెయిన్ స్విచ్చే తీసేయాలి. ఒకరు చక్రం దగ్గర చెయ్యి పెట్టి ఉండగా ఇంకొకరు తెలియక పచ్చ బటన్ నొక్కడం వల్లే వేళ్లు పోతున్నాయి. బడి సెలవుల్లో అబ్బాతో, మామూతో కార్ఖానాకు వచ్చే పిల్లలను ఈ మిషన్ దగ్గరికి రానివ్వొద్దు. లెక్కలు రాసే పని ఇవ్వండి, అదే వాళ్లకు నప్పుతుంది.

ఆ లెక్కల్లో ఒకటి బ్లేడు పుస్తకం. బ్లేడు ఎన్ని రోజులు వచ్చింది అన్న లెక్క పనికిరాదు, ఒక రోజు పది కోతలు, ఒక రోజు వంద. ఎన్ని చదరపు సెంటీమీటర్లు కోసింది అన్నది రాయాలి. 100 మిల్లీమీటర్ల రాడ్డు ఒక కోతకు దాదాపు 78 చదరపు సెంటీమీటర్లు. బ్లేడు ఎక్కించిన తేదీ, కొన్న ధర, ఏ సరుకు ఎన్ని కోతలు, చివరికి ఎలా పోయింది, పళ్లు రాలాయా, గుంట నుంచి చీలిందా, వెన్ను నుంచి చీలిందా, అతుకు దగ్గర తెగిందా అని రాసుకుంటే చాలు. నాలుగు బ్లేడ్లు వరసగా వెన్ను నుంచే చీలాయని పుస్తకంలో కనిపిస్తే, ఐదో బ్లేడు కోసం రాణీగంజ్ బయలుదేరే ముందు చక్రం అంచు దగ్గర ఒకసారి కాగితం పెట్టి చూడొచ్చు.